ఆదివారం పూట ఉపవాసం

బంతిని చూడని ఉద్యోగం

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మొట్టమొదట అడిగేది ఒకటే. "ఆంటీ, మ్యాచ్‌లన్నీ ఫ్రీగా చూడొచ్చా?" చూడొచ్చమ్మా, దర్జాగా చూడొచ్చు. నేను మాత్రం ఇన్నేళ్ళలో ఒక్క మ్యాచ్ కూడా సరిగ్గా చూళ్ళేదు. హామిల్టన్ వైపు ఒక యూనివర్సిటీలో వార్సిటీ జట్లకి, అంటే వేరే యూనివర్సిటీల మీద పోటీకి వెళ్ళే జట్లకి, అథ్లెటిక్ థెరపిస్టుగా పనిచేసి పోయినేడాది రిటైరయ్యాను. స్కోరెంతని ఎవరైనా అడిగితే నాకు ఎప్పుడూ తెలిసేది కాదు. అందరూ బంతిని చూస్తుంటే నేను మోకాళ్ళు చూసేదాన్ని, మెడలు చూసేదాన్ని. ఎవడు పడ్డాడు, ఎలా లేచాడు, లేచాక ఎటు చూస్తున్నాడు. ఆట ముగిసి అందరూ వాళ్ళ కాళ్ళ మీద వాళ్ళు నడుచుకుంటూ లోపలికి పోతే అప్పుడు ఊపిరి తీసుకునేదాన్ని.

నాకు చిన్నప్పట్నించీ భయం ఎక్కువ. విశాఖపట్నంలో ఫిజియోథెరపీలో చేరతానంటే మా నాన్న, "దీనికి దాని నీడని చూస్తేనే జ్వరం వస్తుంది, ఇది ఇంకోళ్ళకేం వైద్యం చేస్తుంది" అన్నాడు. ఇక్కడికొచ్చాక ఆ భయమే నాకు అన్నం పెట్టింది. నా మాట నమ్మండి, మరీ ధైర్యవంతులు ఈ ఉద్యోగానికి పనికిరారు. "ఏం కాదులే" అనే మాట అలవాటైన మనిషి థెరపిస్టు కాకూడదు. ఏదో అవుతుందనే అనుకోవాలి. అనుకుని, ఆ అనుకోవడం మొహంలో కనపడనివ్వకూడదు. ఉద్యోగం అంటే ఇంతే. ప్రమోషన్లూ మీటింగులూ ఎవరికైనా ఒకటే, వాటి గురించి రాసి మీ బుర్ర తినను.

నాకు పని నేర్పినవాడు బిల్ అని మా పెద్ద థెరపిస్టు. మాట తక్కువ, విసుగు ఎక్కువ. మొదటి సీజన్లో ఫుట్‌బాల్ కుర్రాడొకడు గట్టిగా ఢీకొని పడితే నేను బ్యాగు పట్టుకుని పరుగున వెళ్ళాను. పైన కూర్చున్న వాళ్ళమ్మ నా పరుగు చూసి కెవ్వుమంది. బిల్ ఆ రోజు నన్ను పక్కకి పిలిచి, "నువ్వు పరిగెడితే వాడు చచ్చిపోయాడనుకుంటారు. వేగంగా నడువు" అన్నాడు. తలకి దెబ్బ తగిలినవాళ్ళని అడగాల్సినవన్నీ ఆ కుర్రాడిని అడిగాను. ఏ ఊరు, ఏ నెల, ఎవరితో ఆట. టకటకా చెప్పాడు. బాగానే ఉన్నాడన్నాను. బిల్ ఏమీ అడగలేదు. వాడి చేతికో నీళ్ళ సీసా ఇచ్చాడు. మూత పైకి లాగే రకం సీసా అది, వాళ్ళు రోజూ తాగేదే. వాడు ఆ మూతని తిప్పుతున్నాడు, తిప్పుతూనే ఉన్నాడు. "నోటిని అడక్కు. నోరు ఆడాలనే చెప్తుంది" అన్నాడు బిల్. ఆ కుర్రాడు ఆ సీజన్ మళ్ళీ ఆడలేదు. ఇప్పుడెక్కడో సుఖంగా ఉన్నాడు, అది చాలు.

జనం పెరిగారు, బల్లలు పెరగలేదు

తర్వాత ఇండియా పిల్లలు వెల్లువగా దిగిన ఆ సంవత్సరాలొచ్చాయి. సెప్టెంబరు వస్తే చాలు, బస్టాపులో తెలుగే వినపడేది. ఒక్కో బేస్‌మెంట్‌లో ఎంతమంది పడుకునేవారో ఆ ఇంటి ఓనరుకే తెలియాలి. క్లాసులు, గోడౌన్లో షిఫ్టులు, మధ్యలో బస్సులో నిద్ర. అలాంటి పిల్లలు ఆడటానికెక్కడొస్తారులే అనుకున్నాను గానీ వచ్చారు. బ్యాడ్మింటన్‌కి వచ్చారు, పరుగుకి వచ్చారు, ఇంటి దగ్గర ఏది ఆడితే దానికి వచ్చారు. మా క్లినిక్‌లో పేషెంట్లని పడుకోబెట్టే బల్లలు మాత్రం అవే. మా డైరెక్టర్, మంచిదే ఆవిడ, నవ్వుతూ మాట్లాడుతుంది, "ఇంతమంది స్టూడెంట్లొస్తున్నారంటే మనకి మంచి రోజులే" అనేది. మంచి రోజులు సరేనమ్మా, ఇంకో మనిషినివ్వు అనేదాన్ని. వచ్చే ఏడాది చూద్దాం అనేది. ఏటా అదే మాట.

ఊళ్ళో జనం చూపు కూడా మారింది. బస్సు నిండిపోతే, ఇళ్ళ అద్దెలు పెరిగితే, క్లినిక్‌లో లైను పొడుగైతే, అన్నిటికీ మన పిల్లలే కారణమన్నట్టు చూసేవాళ్ళు కొందరు. నన్ను కూడా ఒకాయన కొట్లో, "మీరంతా ఇంకెంతమంది వస్తారు" అని అడిగాడు. ఆయన పుట్టక ముందు నుంచీ ఉన్నట్టున్నాను నేనిక్కడ. నాకే అలా ఉంటే, మొన్న దిగిన పిల్లలకి ఎలా ఉంటుందో ఆలోచించండి.

కెజియా

ఇప్పుడు చెప్పేది ఆ అమ్మాయి చెప్పమంటేనే చెప్తున్నాను. పేరు మార్చాను, కెజియా అందాం. విజయనగరం పక్క పల్లె. ఆ చుట్టుపక్కల ఆడపిల్లలు బరువులెత్తే ఊళ్ళున్నాయి, అలాంటి ఊరిది. వాళ్ళమ్మ అంగన్‌వాడీ టీచరు. స్పోర్ట్స్ హాస్టల్లో పెరిగి డిగ్రీకి ఇక్కడికొచ్చింది. మా దగ్గర బరువులెత్తే జట్టు లేదు, కుస్తీ జట్టుంది. దాని కోచ్ డగ్ ఓ రోజు జిమ్ములో ఈ పిల్లని చూసి, "నువ్వు మనుషుల్ని ఎత్తుతావా" అని అడిగాడట. ఏడాది తిరిగేసరికి ఎత్తేసింది. ఆదివారం మా తెలుగు చర్చిలో కనపడి, "మీరు నా కీళ్ళకి టేపు చుట్టే ఆంటీ గదా" అంది. అప్పట్నించీ నేను దానికి ఆంటీనే.

కుస్తీలో చిక్కేమిటంటే, ఒక్కో బరువు తరగతికి జట్టులో ఒక్కరికే చోటు. కెజియా బరువులో మేగన్ అనే అమ్మాయి ఉంది. పాల డెయిరీ వాళ్ళ పిల్ల, దూడల్ని చంకనేసుకుని పెరిగింది. ఇద్దరూ ప్రాణస్నేహితులు, కానీ పట్టుకి దిగితే ప్రతిసారీ మేగన్‌దే పైచేయి. కెజియా జట్టులో ఉండాలంటే కింది బరువుకి దిగాలి. డగ్ కచ్చితంగా చెప్పాడు, నా జట్టులో కడుపు మాడ్చుకోవడాలు లేవు, నెమ్మదిగా తగ్గితే తగ్గు, లేకపోతే వచ్చే ఏడాది చూసుకుందామని. సరే అంది.

జనవరి వచ్చింది. కొత్త సంవత్సరం ఉపవాస ప్రార్థనలు మా చర్చిల్లో ఉంటాయి, తెలిసినవాళ్ళకి తెలుసు. పగలంతా తినకుండా ఉండి సాయంత్రం ప్రార్థన అయ్యాక తింటారు. కెజియా ఉపవాసం ఉంటానంది. డగ్ నా దగ్గరికొచ్చి, ఇది నిజమేనా అని అడిగాడు. నిజమే, మాకుంది అన్నాను. కాస్త గర్వంగానే అన్నాను కూడా, ఈ కాలం పిల్ల ఇంత భక్తిగా ఉందే అని. "మతం సంగతి. నేను వేలు పెట్టను" అన్నాడు డగ్. డైరెక్టరు కూడా అందరినీ పిలిచి, ఎవరి నమ్మకాన్నీ ప్రశ్నించొద్దని చెప్పింది. అందరం చాలా మర్యాదగా పక్కకి తప్పుకున్నాం. జనవరి అయిపోయింది. ప్రార్థనలూ అయిపోయాయి. "నేను ఇంకొన్నాళ్ళు తీర్మానం చేసుకున్నానాంటీ" అంది. మొక్కుకున్నవాళ్ళు అలా పొడిగించుకోవడమూ ఉంది. ఊరుకున్నాను.

మర్యాద మంచిదే. కానీ మన పనిలో మర్యాద ఎక్కువైనా ప్రమాదమే అని రాసిపెట్టుకోండి. పరాయివాళ్ళు అడగడానికి జంకుతారు, మనవాళ్ళు మనకి తెలుసులే అనుకుంటారు. ఈ రెంటి మధ్యలో ఒక పిల్ల హాయిగా దాక్కోవచ్చు.

వడ్డించే మనిషి

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ప్రేమ విందు. ఆరాధన అయ్యాక అందరూ కలిసి తింటామే, అది. తలో ఇంటి నుంచీ వంటలొచ్చాయి. కోడి బిర్యానీ, గోంగూర, పెరుగు, ఎవరో బొబ్బట్లు కూడా. భోజనాలకి ముందు పాస్టరు గారు, "మన చెల్లి కెజియాని చూడండి. పరదేశంలో ఒక్కత్తీ ఉండి, ఆటలాడుతూ, చదువుకుంటూ, ఇంకా ఉపవాసం విడవలేదు. ఇవాళ కూడా" అని మెచ్చుకున్నారు. మా ఆరాధన ఇంటర్నెట్లో లైవ్ వస్తుంది, ఇండియాలో ఉన్నవాళ్ళ కోసం. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.

అన్నాక ఆ చివరి మాట దగ్గర ఆగాను. ఇవాళ కూడానా? ఆదివారం మనవాళ్ళెవరూ ఉపవాసం ఉండరు. ప్రభువు లేచిన రోజది, పండగ రోజు. ప్రభువు శ్రమల్ని తలుచుకునే నలభై రోజుల శ్రమకాలంలో కూడా ఆదివారాలు లెక్కలోకి రావు. మా అమ్మమ్మ మిషన్ ఆసుపత్రిలో ఆయా, ఎన్ని ఉపవాసాలున్నా ఆదివారం మాత్రం కూర లేకపోతే ఊరుకునేది కాదు.

కెజియా వడ్డిస్తోంది. ఎంత హుషారుగా వడ్డిస్తోందంటే అందరూ దాన్నే పిలుస్తున్నారు. వడ్డించే మనిషి తిందో లేదో ఎవరూ చూడరు. నేను చూశాను. బబుల్‌గమ్ నములుతూ, మధ్య మధ్యలో పేపరు కప్పులో ఉమ్ముతోంది. ఒంట్లో ఉన్న నీటిని ఉమ్మి కూడా బరువు తగ్గించుకోవడం కుస్తీవాళ్ళ పాత రోగం. నా చేతిలో ప్లేటు అలాగే ఉండిపోయింది.

వంటగదిలో గిన్నెలు తోముతుంటే పక్కన నిలబడ్డాను. "తిన్నావామ్మా?"

"తిన్నానాంటీ."

"ఆదివారం ఉపవాసం ఎవరుంటారే?"

చాలాసేపు తోమిన గిన్నెనే తోమింది. తర్వాత నెమ్మదిగా, "దేవుడి పేరు సెప్తే ఎవలూ ఏటీ అడగరాంటీ" అంది. "డగ్ అడగలేదు. మీరూ అడగలేదు."

నాకు కోపం రాలేదు, భయం వేసింది. ఎన్నాళ్ళనించీ సరిగ్గా తినట్లేదో, నీళ్ళు తాగట్లేదో లెక్క తేలలేదు. ఎందుకే ఇంత అన్నాను. జట్టు జాకెట్ కోసమంది. "మామూలు కోటేసుకుని బస్సెక్కితే పక్కన కూకోరు. ఒకాయన ఎల్లిపో అన్నాడు. ఆ జాకెట్టేసుకుంటే మాత్రం, మీ జట్టు ఎలా ఆడతంది, ఈ వారం గెలిచారా అనడుగుతారు. నన్ను మనిషిలాగ సూసేది ఆ జాకెట్టులోనే ఆంటీ. జట్టులోంచి తీసేస్తే మళ్ళీ నేను ఆ బస్సెక్కాల."  అది చెప్పింది అబద్ధం కాదు.

కక్కలేక మింగలేక

సోమవారం క్లినిక్‌కి రప్పించాను. నాడి పట్టుకుంటే మధ్యలో ఒక్కో దెబ్బ దాటేస్తోంది. కూర్చున్నది లేస్తే గోడ పట్టుకుంది. మా టీమ్ డాక్టరుకి ఫోన్ చేశాను, రేపే పంపమన్నాడు. అప్పటిదాకా పోటీకి పంపడానికి లేదని ఆపేశాను. శుక్రవారం జట్టు లండన్ వెళ్ళాలి, మీరనుకునే లండన్ కాదు, బస్సులో పోయే ఇక్కడి ఊరే, మా ప్రావిన్స్ పోటీలు. "ఒక్క శనివారం తూకం అయిపోతే తింటానాంటీ, ఒట్టు" అని బతిమాలింది. వద్దన్నాను. వెళ్ళిపోయింది. డాక్టరు దగ్గరికీ వెళ్ళలేదు. పెద్దపిల్ల, చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళలేం కదా.

మర్నాడు పాస్టరు గారి ఫోను. "సిస్టర్, ఉపవాసం ఉందని బిడ్డని ఆట ఆపేశారట. బయటివాళ్ళు చేస్తే అర్థం చేసుకుంటాం. మనవాళ్ళే చేస్తే ఎలాగమ్మా?" నేనేం చెప్పగలను? పేషెంటు సంగతి బయటికి చెప్పకూడదు. అది ఉపవాసం కాదండీ అన్న ఒక్క ముక్క అంటే నా మీద నింద పోతుంది, దాని గుట్టు పోతుంది. "ప్రార్థన చెయ్యండి అయ్యగారూ" అన్నాను. "చేస్తున్నాం, మీ గురించి కూడా" అన్నారు. ఆ మాటకి అరికాలి మంట నెత్తికెక్కింది. మింగేశాను.

తర్వాత డైరెక్టరు పిలిచింది. మతం కారణంగా ఆపారని కెజియా ఫిర్యాదు రాసిందట. "ఇది ఉపవాసం వల్లా?" అనడిగింది. ఆరోగ్యం వల్ల, అంతకంటే చెప్పలేనన్నాను. "దీనిమీద గొడవైతే నువ్వు నిలబడగలవా?" అంది నవ్వకుండా. నిలబడతానని నోటితో అన్నాను. 

ఆ వారం నేను పడింది ఎవరికీ వద్దు. రోజంతా రెండు భయాలు. నేను చెప్పింది తప్పైతే? ఆ నాడి ఉత్త కంగారువల్లే అయితే ఒక పిల్ల ఏడాది కష్టం నా చేతుల్లో పోయినట్టు. నేను చెప్పింది రైటైతే? అప్పుడు ఆ పిల్ల ఎక్కడో ఒక బేస్‌మెంట్‌లో ఒంటరిగా నీళ్ళు కూడా తాగకుండా ఉన్నట్టు. ఏది నిజమైనా నాకు నిద్ర లేదు. ఫోన్ మోగితే గుండె ఝల్లుమనేది, మోగకపోతే అంతకంటే. మేగన్ వచ్చి, "తనకెప్పుడూ చలేస్తోంది, నా చెయ్యి పట్టుకుంటే ఐసులా ఉంది" అని చెప్పి ఏడ్చింది. దాన్ని నీ గదిలో పడుకోబెట్టుకోమన్నాను. అంతవరకే చేతనైంది.

కొత్తగా వచ్చేవాళ్ళకి ఒక మాట. ఆపడం కష్టమని అందరూ చెప్తారు. ఆపిన తర్వాత, ఎందుకాపావో చెప్పకుండా నోరు మూసుకుని ఉండటం ఎంత కష్టమో ఎవరూ చెప్పరు. కాలేజీలో నేర్పరు కూడా.

బస్సు దగ్గర

శుక్రవారం పొద్దున్నే బస్సు. కెజియా బ్యాగుతో సహా వచ్చేసింది, జాకెట్టేసుకుని. డగ్ నా వైపు చూశాడు. పిల్లలందరూ చూశారు. ఒక్కసారి తలూపితే చాలు, గొడవలన్నీ పోతాయి. లేదు అన్నాను.

 కెజియా మంచులో దించిన బ్యాగు తీసుకోవడానికి వంగింది. వంగినది వంగినట్టే మోకాళ్ళ మీదికి జారిపోయింది. నేను నడిచే వెళ్ళాను, కానీ ఆ కొన్ని అడుగులు ఎలా వేశానో నాకు తెలీదు. మేగన్ దాని తల ఒళ్ళో పెట్టుకుంది. డగ్ అంబులెన్స్‌కి ఫోన్ చేశాడు.

ఆసుపత్రిలో రక్తం చూసి, పొటాషియం బాగా పడిపోయింది, ఈ స్థితిలో పట్టుకి దిగి ఉంటే గుండె లయ తప్పేదన్నారు. సెలైన్ పెట్టి, గుండెకి వైర్లు తగిలించారు. డగ్ జట్టుతో వెళ్ళక తప్పలేదు. నేను మంచం పక్కన కూర్చున్నాను. మొహం అటు తిప్పుకుని పడుకుంది. కాసేపటికి వాళ్ళమ్మ వీడియో కాల్. అక్కడ రాత్రి భోజనాల వేళ. దాని చేతికి సూదులున్నాయని ఫోన్ నేను పట్టుకున్నాను.

ఆవిడ కూతుర్ని చూసి కాసేపు ఏడ్చి, నాతో, "అమ్మా, మీరేనా ఉపవాసం ఆపమన్నది? దేవుడి పని మద్దిలో ఆపితే మంచిది కాదంటారు గదమ్మా" అంది. గౌరవంగానే అంది. 

కెజియా ఇటు తిరిగింది. "అమ్మా, అది ఉపవాసం కాదు. ప్రార్థనా కాదు. బరువు తగ్గడానికి తిండి మానేశాను. అందరికీ అబద్దం సెప్పాను. ఆంటీకి తెలుసు, నా కోసం ఎవలికీ సెప్పలేదు."

 ఫోన్ ఆగిపోయిందేమో అనుకున్నాను. తర్వాత ఆవిడ, చాలా మామూలుగా, "మరి నేనెందుకు మానేశానే ఇన్నాళ్ళూ?" అంది.

"నువ్వేటి మానేశావు?"

"నువ్వక్కడ ఒక్కదానివీ కడుపు మాడ్సుకుంటంటే నాకు ముద్ద దిగుతాదా? జనవరి కాడ్నించీ నేనూ నీతో ఉంటన్నాను. మొన్న పాస్టరు గారు లైవులో, ఆదివారం కూడా ఉంటందని సెప్పారు గదా. నేనూ ఆదివారం మానేశాను."

"నీకు షుగరు గదే అమ్మా" అంది కెజియా. దాని పక్కన మెషీను గబగబా కొట్టుకోవడం మొదలెట్టింది. నర్సు తొంగి చూసి వెళ్ళింది.

"బిళ్ళ ఏసుకుంటన్నాను లే."

తినకుండా షుగరు బిళ్ళ. చక్కెర ఒక్కసారి పడిపోతే మనిషి స్పృహ తప్పుతుంది. ఇన్ని రోజులూ నేను ఒక్క ప్రాణం గురించే భయపడ్డాను. భయపడటంలో నా అంత మనిషి లేదనుకునేదాన్ని, రెండో మనిషి నా ఊహకే రాలేదు.

"లెగు" అంది కెజియా. ఏడుస్తూ, కసురుతూ. "లెగిసి అన్నం పెట్టుకో. ఇప్పుడే."

"నువ్వు తిను ముందు. నువ్వు తింటే సూసి తింటాను."

నర్సు తెచ్చిన సూపు అక్కడే చల్లారిపోతోంది. నెమ్మదిగా తాగమన్నారు, కొంచెం కొంచెంగా. చెంచా అందించాను. అక్కడ ఆవిడ ఫోన్ ఎక్కడో ఆనించింది, తిరుగుతున్న సీలింగ్ ఫ్యాను తప్ప ఏమీ కనపడలేదు. గిన్నె మూత తీసిన చప్పుడు, గరిటె చప్పుడు వినపడ్డాయి.

"తింటన్నావా?" అని ఇక్కడినించి ఇది.

"ఊ. నువ్వో?"

"ఊ."

ఒక చెంచా ఇక్కడ, ఒక ముద్ద అక్కడ. ఇద్దరి గిన్నెలూ ఖాళీ అయ్యేదాకా నేను ఫోన్ దించలేదు.